రాతియుగపు పెట్టె: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యములు

అవతారిక: అమీర్‌పేట, పంజాగుట్టల చేరువనున్న కృష్ణానగరు చలనచిత్ర కార్మికులకు నెలవని లోక మెఱుఁగును గాని, ఆ సందులలో శుభలేఖలకును, కరపత్రములకును, సంభాషణల ప్రతులకును అక్షరములు కూర్చు డీటీపీ కేంద్రములు కలవనియు, వానిలో 2001లో వెలువడిన పేజ్‌మేకర్ 7ను, ‘అను’ లిపులను విడువలేక, 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్టువారు తిలోదకము లిచ్చిన విండోస్ ఎక్స్‌పీతోనే కాలక్షేపము చేయు కంప్యూటర్లు కలవనియు పలువురు గమనింపరు. క్రొత్తది కొనరాదా యని యడుగువారు, పాత ఫైలును క్రొత్త యంత్రమునఁ దెఱవఁగా తెలుఁగక్షరములకు మాఱుగఁ బిచ్చిగీఁతలు ప్రత్యక్షమగుట యెన్నఁడును జూడని పుణ్యాత్ములు. అట్టి యంత్రముల మాంద్యమునకుఁ జికిత్స చెప్పు నీ పద్యము అజ్ఞాతకర్తృకము. శైలిని బట్టి కవి మెకానిక్కు కాఁడనియు, మెకానిక్కునకు బాకీపడినవాఁడనియు ఊహింపనగును.

మూలము:

చెత్త నిండి ముక్కచెక్కలౌ ఫైళ్లను
చేర్చి, పాత తీగ చెడినఁ దీసి,
ర్యాము కొంత పెంచ రాతియుగపు పెట్టె
కదలు గురువుగారి కరుణ వలన.

ప్రతిపదార్థము: చెత్త నిండి = తాత్కాలిక ఫైళ్లును, ఒకే శుభలేఖకు ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘అసలు ఫైనల్’ అను ప్రతులును సీ డ్రైవునందుఁ గిక్కిఱియుటచే; ముక్కచెక్కలౌ ఫైళ్లను = ఒక్కచోట నిముడక పలుచోట్లఁ బడియున్న ఫైళ్లను; చేర్చి = డీఫ్రాగ్ చేసి; పాత తీగ = హార్డ్ డిస్కును మదర్‌బోర్డునకుఁ గలుపు పట్టీ (ఐడీఈ) కేబులును; చెడినన్ = చెడినచో; తీసి = తొలఁగించి (క్రొత్తది వేసి యని శేషము); ర్యామున్ = ర్యామును; కొంత = జేబు సహించినంత; పెంచన్ = పెంచఁగా; రాతియుగపు పెట్టె = పాత కంప్యూటరు; గురువుగారి కరుణ వలన = మెకానిక్కు దయచేత; కదలున్ = పనిచేయును.

తాత్పర్యము: డిస్కులోని చెత్త తీసి, చెల్లాచెదరైన ఫైళ్ల నొక్కచోటఁ జేర్చి, తీగ చెడినచో మార్చి, ఆపైని ర్యాము పెంచినచో పాత కంప్యూటరు మెకానిక్కు దయవలన నడచును.

విశేషములు: చెత్తను తీయవలెనని కవి వేఱుగఁ జెప్పకుండుట లోపము కాదు. ‘తీసి’ యను క్రియ దేహళీదీపన్యాయమున ఇటు చెత్తకును అటు తీగకును అన్వయించును. ఈ యన్వయము శాస్త్రసమ్మతము గూడ. ఎక్స్‌పీలోని డీఫ్రాగు చక్కఁగా సాగుటకు డిస్కులో 15 శాతము ఖాళీ యుండవలెను గదా.

ముక్కచెక్కలగుటచే వచ్చు కీడెట్టిదనఁగా: నిమిషమునకు 7200 చుట్లు తిరుగు డిస్కు పళ్లెరమునకు ఒక్క చుట్టు సుమారు 8.3 మిల్లీసెకన్లు, కోరిన భాగము హెడ్డు క్రిందికి వచ్చుటకు సగటున అందు సగము, హెడ్డును మోయు చేయి తగిన వలయమునకు జరుగుటకు ఇంచుమించు 9. ఇట్లొక్కొక్క ముక్కకు 13 మిల్లీసెకన్లు చెల్లించుచుఁ బోయినచో సెకనునకు 75 ముక్కలను మించి చేతికి రావు. కృష్ణానగరువారికి వేఱుగ బోధింపఁ బనిలేదు. ఎక్కడెక్కడనో, ముందువెనుకలుగఁ దీసిన సన్నివేశములను కథాక్రమమునఁ గూర్చు ఎడిటరు పనియే డీఫ్రాగు పని.

‘పాత తీగ’ యనుటలోఁ గవి పాండిత్యము వెల్లడి యగుచున్నది. సెకనునకు 66 మెగాబైట్లకును, అంతకు మించిన వేగములకును 80 తంతువుల పట్టీ కావలెను. పిన్నులు 40యే, తక్కిన 40 తంతువులును ఇరుగుపొరుగు సంకేతములు కలగాపులగము గాకుండ నడుమ నిలుచు గ్రౌండు తీగలు. నీలిరంగు కొస మదర్‌బోర్డునకు, నల్లనిది మాస్టరు డ్రైవునకుఁ దగిలింపవలెను. తీగ నలిగి తప్పులు దొరలినచో, ఎక్స్‌పీ ఆఱు తప్పుల వఱకు నోర్చి, పిదప వేగమును మెట్టుమెట్టుగఁ దించి, తుదకుఁ బీఐఓ పద్ధతిలోఁ బడవేయును. అచట సెకనునకు 16.6 మెగాబైట్లే పైహద్దు. పైఁగా మోఁత యంతయుఁ బ్రాసెసరు తలమీఁదఁ బడుటచే మౌసు సైతము కాళ్లీడ్చును. తీగ మార్చినంత మాత్రమున నీ శిక్ష రద్దు కాదు. డివైస్ మేనేజరులో ఆ ఐడీఈ చానెలును అన్‌ఇన్‌స్టాల్ చేసి, యంత్రమును మరల నారంభింపవలెను. ఈ మర్మమును కవి ‘గురువుగారి కరుణ’లో దాఁచెను.

మూఁడవ పాదమున అసంగత్యలంకారము. కారణ మొకచోట, కార్య మొకచోట నుండుట దాని లక్షణము. 256 మెగాబైట్ల ర్యాముతోఁ బేజ్‌మేకరును, ఫోటోషాపును, బ్రౌజరును ఏకకాలమునఁ దెఱచినచో, విండోసు చోటు చాలక పేజ్ ఫైలను పేర డిస్కు మీఁదనే వ్రాసికొనుచుండును. ఎఱ్ఱదీప మారకుండుటఁ జూచి యజమాని డిస్కును దిట్టును; లోపము ర్యామునది. డీడీఆర్ ముక్క డీడీఆర్2 గాడిలోఁ బట్టదు గావున, పాతముక్కను జేతఁబట్టుకొనియే సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకుఁ బోవలెను.

చికిత్సలలో మొదటిది ఉచితము, రెండవది చవుక, మూఁడవది ప్రియము. ధర ఉత్తరోత్తరము హెచ్చుటచే సారాలంకారము. ఊరక యగు పని ముగియక ముందు సొమ్ము విప్పరాదనుట కవిహృదయము.

‘గురువుగారు’ బృహస్పతి కాఁడు. దర్శకుఁడు మొదలు లైట్‌బాయి వఱకు నెల్లరు నెల్లర నీ మాటతోనే పిలుచుకొను పేటలో మెకానిక్కున కది సహజముగఁ జెల్లును.

ఇట ‘ఫార్మాట్ కొట్టేద్దాం సార్’ అను పూర్వపక్షము కలదు. ఫార్మాటుచేఁ జెత్తయు ముక్కలును బోవుట నిజమే కాని, నలిగిన తీగ నలిగినట్లే, చాలని ర్యాము చాలనట్లే యుండును. లిపుల సీడీ యెచట నుంచితిమో యను వెదుకులాట యదనము. నవ్యులు ఎస్‌ఎస్‌డీ వేయు మందురు. పళ్లెరము, చేయి లేని దానికి ముక్క యొక్కింటికిఁ బట్టునది మిల్లీసెకనులోఁ బదవవంతే. దానిని డీఫ్రాగు చేయుట వ్యర్థమే కాదు, వ్రాఁతల కవధి గల చిప్పులకుఁ జేటు. అయినను ఐడీఈ బోర్డునకు మార్పిడి ముక్క కావలెను. ఎస్‌ఎస్‌డీకి హితమైన ట్రిమ్ సదుపాయము 2009 నాఁటి విండోస్ 7తోఁ గాని రాలేదు. కాఁబట్టి సొమ్మున్నవానికి నవ్యమతము, లేనివానికిఁ బద్యము ప్రమాణము.

దోషము: మంగళాచరణము లేదు. హార్డ్ డిస్కు విషయమున మంగళమనఁగా బ్యాకప్పు. డిస్కు టక్కుటక్కుమని చప్పుడు చేయునెడ డీఫ్రాగు దానిని ద్వరగా సాగనంపును గావున, ముందు ఫైళ్లను వేఱొక డ్రైవునకుఁ గాపీ చేయవలెను. కవి దీనిని మఱచెనందమా, మాట జారకుండ జాగ్రత్తపడె నందమా? ‘పెట్టె కదలు’ నని మాత్రమే యనెను. పెట్టెలోనివి మిగులునని యెక్కడను మాట యీయలేదు.