ఎర్ర కిటికీలోంచి దూరే వెలుతురికి

కెమెరా వెనక తలుపు సందుల్లోంచీ, అంకెలు చూసుకునే ఎర్ర కిటికీలోంచీ చొరబడే వెలుతురికి,

ఎండ మీద నాకు ఫిర్యాదు లేదు. లెన్సు దారిన వచ్చే వెలుగు లేకపోతే నాకు ఫొటోయే లేదు. నా తగవంతా దొడ్డిదారిన వచ్చే నీతోనే.

నాది అగ్ఫా క్లిక్ 3. బరోడాలో తయారై, ఒకప్పుడు మధ్యతరగతి ఇళ్ళ బీరువాల్లో పట్టుచీరల పక్కన చోటు దక్కించుకున్న కెమెరా. బ్యాటరీ లేదు, మీటరు లేదు. ఎండకు ఒక గుర్తు, మబ్బుకు ఒక గుర్తు. 120 రీలు ఎక్కిస్తే నలుచదరంగా 12 బొమ్మలు, అంతే. బ్లాక్ అండ్ వైట్ వేశాక రంగు ఆసరా ఉండదు. ముఖం మీద నీడ ఎటు వాలిందో, చీర నేత ఎంత ముతకో, గోడ సున్నం ఎక్కడ పెచ్చులూడిందో కళ్ళారా చూడాల్సిందే. ఇంత చిన్న డబ్బా అంత పని చేయిస్తుంది కాబట్టే దాన్ని వదల్లేకపోతున్నాను.

ఆ 12లో నువ్వు వాటా అడుగుతావు. రాజమండ్రి కోటిలింగాల రేవులో మా పెద్దమ్మ తడిజుట్టు దులుపుకుంటుంటే తీసిన బొమ్మ ఇప్పుడు నా ముందుంది. నెగటివ్‌ను వెలుగుకేసి పట్టుకుంటే ఆవిడ భుజం మీద గుండ్రటి నల్ల మచ్చ, ఆ మచ్చ మధ్యలో పల్చగా 7 అంకె. రీలు వెనక కాగితం మీద అచ్చయిన అంకెను కూడా మోసుకొచ్చి ఆవిడ ఒంటి మీద పెట్టావు. ప్రింటు వేస్తే ఆ చోటంతా తెల్లగా పాలిపోయింది. మెడ ఒంపూ, నీళ్ళు కారుతున్న జడ కొసా అందులోనే కొట్టుకుపోయాయి. డార్క్‌రూంలో ఎంత సేపు తంటాలు పడినా అవి మళ్ళీ రావు.

ఆ కిటికీ పెట్టినవాళ్ళను తప్పుపట్టను. 1901లో కొడాక్ 120 రీలు తెచ్చిన నాటి మామూలు ఫిలింకు ఎరుపు కనపడేది కాదు. నీలపు వెలుగుకు చప్పున నల్లబడే ఫిలిం, ఎర్ర అద్దం వెనక నుంచి వచ్చే వెలుగుకు చలించేది కాదు. తర్వాత ఎరుపుతో సహా అన్ని రంగులనూ పట్టే పాన్‌క్రోమాటిక్ ఫిలిం వచ్చింది. ఇంటింటి బాక్సు కెమెరాల్లో తిరిగిన కొడాక్ వెరిక్రోమ్ సైతం 1956లో వెరిక్రోమ్ పాన్ అయింది. ఫిలిం మారింది, కిటికీ మాత్రం ఎర్రగానే ఉండిపోయింది. ఇప్పుడు నీకూ ఫిలింకూ నడుమ అడ్డుగా ఉన్నది పల్చటి కాగితం ఒక్కటే. మన మే నెల ఎండలో అది నిన్ను ఆపలేదు.

నాకు మరీ కష్టమనిపించేది, నిన్ను నెత్తిన పెట్టుకుంటున్నవాళ్ళను చూస్తే. ఫోనుతో తీసిన శుభ్రమైన బొమ్మ మీద యాప్‌తో నీ మచ్చ అద్దుతున్నారు. చవక కెమెరా అందమంతా నీలోనే ఉందంటున్నారు. నేను ఒప్పుకోను. క్లిక్ లెన్సు అంచుల్లో కాస్త మెత్తగా చూస్తుంది. అది దాని చూపు, దానికి దండం పెడతాను. నీ మచ్చకు నేను తీసిన మనిషితో గానీ, ఆ రేవుతో గానీ సంబంధమే లేదు. పైగా ఊటీలో ఇందు ఫిలిం తయారుచేసిన హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ కూడా మూతపడింది. ఈ రోజుల్లో రీలు కొనడమంటే మాటలు కాదు. నీకు దానం చేయడానికి నా దగ్గర ఒక్క బొమ్మ కూడా లేదు.

నీ ఆనవాళ్ళు నాకు తెలుసు. మచ్చ బొమ్మ చట్రం దాటి ఫిలిం అంచు దాకా పాకిందంటే వెనక తలుపు నుంచి వచ్చావు. చట్రం లోపలే ఆగిందంటే ముందువైపు ఎక్కడో సందుంది. రీలు రెండంచులూ నల్లబడ్డాయంటే అది వదులుగా చుట్టుకుంది. అందుకే తలుపు గాడిలో నల్ల ఊలు దారం పరిచాను. కిటికీ మీద నల్ల టేపు వేశాను. రీలు తిప్పాల్సి వస్తే కెమెరాను నీడలోకి తెచ్చి, టేపు కాస్త ఎత్తి, అంకె రాగానే మళ్ళీ అంటిస్తున్నాను. రీలు ఎక్కించడం, తీయడం ఇంట్లోనే, కిటికీకి దూరంగా.

ఇది చదివేవాళ్ళకు ఒక మాట. మీ అటక మీద ఇలాంటి కెమెరా ఉంటే రీలు కొనకముందే కిందికి దింపండి. లోపల చిన్న టార్చి వెలిగించి పెట్టి, తలుపు మూసి, చీకటి గదిలో అన్ని వైపులా తిప్పి చూడండి. ఎక్కడ వెలుగు గీత కనపడితే అక్కడ మూయండి. టేపుకూ దారానికీ కలిపి అయ్యే ఖర్చు రీలు ధర ముందు లెక్కలోకే రాదు.