మెజార్టీ ఎంతొచ్చిందట?

ఈమధ్య ఎవడ్ని కదిపినా అంకెలే. 2019లో 6,653. 2024లో 3,27,901. శ్రీకాకుళం పార్లమెంటు సీటులో మా ఎర్రన్న, అదే ఎర్రన్నాయుడి కొడుకు రామ్మోహన్ నాయుడికి వచ్చిన మెజార్టీలివి. మా మనవడికి పదమూడో ఎక్కం రాదు గానీ ఈ రెండూ నోటికొచ్చు. సంతోషమే. మా నిమ్మాడ కుర్రాడు ముప్పయ్యారేళ్లకే కేంద్రంలో విమానాల మంత్రి అయితే మాకు మాత్రం సంబరం కాదా? కానీ ఒకసారి అంత అంచుకొచ్చి, మరోసారి అంత ఎగబాకడమేమిట్రా, మధ్యలో ఏం జరిగిందిరా అంటే వాడు ఫోన్లోకి తల దించేస్తాడు. మా రోజుల్లో ముందు కథ చెప్పుకునేవాళ్లం, లెక్క ఆఖర్న వచ్చేది.

లెక్కలే కావాలంటే మా దగ్గరా ఒకటుంది. 565. వి.వి.గిరిగారు 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకెళ్లి నెహ్రూగారి దగ్గర కార్మిక మంత్రి అయిన మనిషి. 1957లో పార్వతీపురంలో ఈ 565 ఓట్ల తేడాతోనే పోయారు. ఆ ఓడిన తీరు ఇంకా చిత్రం. అప్పట్లో కొన్నిచోట్ల ఒకే నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులు ఉండేవారు. పార్వతీపురంలో ఒక సీటు గిరిజనులది, రెండోది అందరిదీ. ఓట్లు లెక్కేసి చూస్తే మొదటి రెండు స్థానాలూ గిరిజన అభ్యర్థులవే, బిడ్డిక సత్యనారాయణ, డిప్పల సూరిదొర. మూడో స్థానంలో గిరిగారు. జనరల్ సీటు నాకే రావాలని ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. గిరిజనుడైనంత మాత్రాన అందరి సీటుకి పనికిరాకుండా పోడని 1959లో కోర్టు తేల్చేసింది. మా నాన్న ఈ తీర్పుని అరుగు మీద నలుగురికీ విడమరిచి చెప్పేవాడు. ఆయన చదివింది అయిదో తరగతి. తర్వాత 1961లో ఆ జోడు సీట్ల పద్ధతే ఎత్తేశారు. గిరిగారు రాష్ట్రపతి అయ్యారనుకోండి, అది వేరే సంగతి.

నా మొదటి ఓటు 1967లో. అప్పుడు ఇరవై ఒకటి నిండితే గానీ ఓటు లేదు, పద్దెనిమిదికి దించింది 1989లో. బడి గదిలో రెండు కాగితాలిచ్చారు, ఒకటి అసెంబ్లీకి, ఒకటి పార్లమెంటుకి. స్వస్తిక్ ముద్రని సిరాలో అద్ది గుర్తు పక్కన గుద్దితే ఆ సిరా ఓ పట్టాన ఆరేది కాదు. ముందే అడ్డంగా మడిచామా, ముద్ర కిందివాడి గుర్తు మీదా అంటుకుని ఓటు మురిగిపోయినట్టే. ముందు నిలువుగా, ఆ తర్వాత అడ్డంగా మడవమని పోలింగ్ గుమస్తా ఉత్త కాగితం పెట్టి ఒక్కొక్కరికీ చూపించాడు. బయటికొచ్చాక కూడా సరిగ్గా మడిచానో లేదో అని సాయంత్రం దాకా నాకు పీకులాటే. ఇప్పుడేముంది, బటన్ నొక్కితే కుయ్యిమంటుంది, చీటీ ఏడు సెకన్లు అద్దంలో కనబడి పెట్టెలోకి పడిపోతుంది. పీకులాట లేదు, అందుకే జ్ఞాపకమూ లేదు.

ఆ 1967లోనే గౌతు లచ్చన్నగారు స్వతంత్ర పార్టీ నక్షత్రం గుర్తు మీద సోంపేట అసెంబ్లీకీ, శ్రీకాకుళం పార్లమెంటుకీ రెండింటికీ గెలిచారు. బారువ మనిషి. 1954లో మద్యనిషేధం గొడవ మీద ప్రకాశం పంతులుగారి ప్రభుత్వంపై అవిశ్వాసం పెట్టి, ఒక్క ఓటు తేడాతో పడగొట్టిన మనిషి. అటువంటాయన ఢిల్లీ సీటు వదిలేసి సోంపేట ఉంచుకున్నారు. ఖాళీ అయిన చోట, ఆ ఎన్నికల్లో ఓడిపోయి ఉన్న తమ పార్టీ పెద్ద ఎన్.జి.రంగాగారిని తెచ్చి నిలబెట్టారు. గుంటూరు జిల్లా నిడుబ్రోలు ఎక్కడ, మా కోటబొమ్మాళి ఎక్కడ! ఆయనకి మనూరి పొలిమేర తెలుసా అని మా పెదనాన్న ఒకటే గోల. రైతు మాట ఢిల్లీలో ఇంగ్లీషులో చెప్పగలిగినోడు కావాలి గానీ పొలిమేర తెలిసినోడు ఎందుకని మా నాన్న. ఉప ఎన్నిక అయ్యేదాకా అన్నదమ్ములిద్దరూ ఒక అరుగు మీద కూర్చోలేదు. రంగాగారు గెలిచారు. ఎంత మెజార్టీతో అంటే నన్నడక్కండి.

1971లో సీటు మళ్లీ బొడ్డేపల్లి రాజగోపాలరావుగారి చేతికి పోయింది. 1952లో ఇండిపెండెంటుగా మొదలెట్టి, మొత్తం ఆరుసార్లు గెలిచారాయన. 1977లో ఉత్తరాది అంతా ఇందిరమ్మను కాదంటే, ఆంధ్రాలో 42 సీట్లకి 41 ఆవిడకే ఇచ్చాం, అందులో మాదీ ఉంది. మా రోజులు గొప్పవంటున్నాను కదా, మరి ఆ ఎంపీని మీరెన్నిసార్లు కళ్లారా చూశారు తాతా అని మాత్రం అడక్కండి. ఎంపీ అంటే గోడ మీద జాజుతో రాసిన పేరు. షావుకారి బండెక్కి బడి దాకా వెళ్లినవాడు షావుకారు చెప్పిన గుర్తుకే గుద్దేవాడు. ఈ ఓట్లతో అయ్యే పని కాదని బొడ్డపాడు కుర్రాళ్లు 1960ల చివర నక్సలైట్లయి కొండలెక్కారంటే ఊరికే ఎక్కారా?

తర్వాత ఎన్.టి.రామారావుగారు తెలుగుదేశంతో వచ్చారు, గోడలన్నీ పసుపయ్యాయి. 1984లో హనుమంతు అప్పయ్యదొర, 1989లో, 1991లో కాంగ్రెస్ కణితి విశ్వనాథం. 1994లో రామారావుగారు హిందూపురంతోపాటు మా టెక్కలిలోనూ నిలబడ్డారు. గెలిపించాం. టెక్కలి వదిలేసి హిందూపురం ఉంచుకున్నారు. లచ్చన్నగారూ ఒకటి వదిలారు, ఈయనా ఒకటి వదిలారు. ఆయన ఢిల్లీని వదిలి మా మట్టిని ఉంచుకున్నారు, ఈయన మమ్మల్నే వదిలారు. ఆ కోపం నాకింకా పోలేదు, చెప్పేశాను.

ఎర్రన్న సంగతి వేరు. 1983లో ఇరవయ్యైదేళ్లకి హరిశ్చంద్రపురం ఎమ్మెల్యే, 1996 నుంచి వరసగా నాలుగుసార్లు ఎంపీ, వెళ్లిన మొదటిసారే కేంద్ర మంత్రి. ఎంపీ అనేవాడు చెప్పులేసుకుని మన వీధిలో నడుస్తాడని మాకు తెలిసింది అప్పుడే. 2009లో ఆయన్నీ ఓడించాం. అంతకుముందు 2004లో ఆయన చేతిలో ఓడిన టెక్కలి డాక్టరమ్మ కిల్లి కృపారాణిగారే ఓడించారు. ఆ రాత్రి మా ఊళ్లో చాలా ఇళ్లలో పొయ్యి వెలగలేదు. అయినా సరే, ఊరి మనిషైనా కాదనగలిగిన రోజులవి. 2012 నవంబరు 2న రణస్థలం దగ్గర ఎర్రన్న కారు ట్యాంకర్ని గుద్దుకుంది, ఆయన పోయారు. అక్కణ్ణుంచి సీటు కొడుకుది. 2014, 2019, 2024. తమ్ముడు అచ్చెన్నాయుడు టెక్కలిలో. ఎర్రన్నని పెంచిన హరిశ్చంద్రపురం నియోజకవర్గం 2008 పునర్విభజనలో మాయమైపోయింది, ఆ పేరిప్పుడు రైల్వే స్టేషను బోర్డు మీద కనబడుతుంది. 2021లో మా పంచాయతీకి పోటీ వస్తే టీవీ బళ్లు ఊళ్లోకి దిగాయి. సర్పంచి పదవికి పోటీ రావడమే వార్త అయిందంటే మేమెంత అలవాటు పడిపోయామో చూడండి.

అలవాటే నా ఫిర్యాదు, మనుషులు కాదు. సముద్రం పక్కన పుట్టినవాళ్లం మేం. బారువ, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కి రంగూన్ వెళ్లినవాళ్ల మనవలు ఇప్పుడు చేపలు పట్టడానికి గుజరాత్ పోతున్నారు. 2018లో అలా పోయిన ఈ జిల్లా మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుంటే 2020 జనవరికి గానీ ఇళ్లకు చేరలేదు. మూలపేటలో పోర్టుకి శంకుస్థాపన 2023లో జరిగింది. దీని గురించి ఏ ఎన్నికలోనైనా అరుగు మీద కొట్టుకున్నామా? సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని జనమే అడ్డం పడుకున్నారు, 2010 జులై 14న కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడు ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపర దగ్గరా అంతే. పార్టీలన్నీ తర్వాత వచ్చాయి, దండలు పట్టుకుని.

ఇప్పుడు మందస, వజ్రపుకొత్తూరు వైపు విమానాశ్రయం అంటున్నారు. జీడితోటల రైతులు వద్దంటున్నారు. రావాలా వద్దా? నాకు రెండూ సబబుగానే కనిపిస్తున్నాయి, అందుకే ఎవడితోనైనా వాదించాలని ఉంది. మా రోజులైతే ఈపాటికి ఊరు రెండుగా చీలి, బావా బావమరిదీ మాటలు మానేసి, సంక్రాంతికి గానీ కలిసేవారు కాదు. మొన్న టీ కొట్టు దగ్గర ఆ మాటెత్తితే, "మనకెందుకు తాతా, ఆళ్లు సూసుకుంటారు" అన్నాడు మా మనవడు. ఆళ్లంటే ఎవర్రా అంటే చెప్పడు.