అననుకూల వాక్య వ్యాఖ్యానము

అవతారిక: ఓరుగల్లు ప్రతాపరుద్రుని ఆస్థానమున విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయమునకు మల్లినాథసూరి కుమారుడైన కుమారస్వామి ‘రత్నాపణ’మను వ్యాఖ్య వ్రాసి పుణ్యము కట్టుకొనగా, అదే నగరమున హనుమకొండ చౌరస్తా ఫోను దుకాణములలో నిత్యపారాయణమగుచున్న యొక ఏకవాక్య గ్రంథము నేటికిని టీక లేక పడియుండుట చూడజాలక ఈ సాహసమునకు పూనుకొంటిమి.

మూలము: మీ పరికరము ఈ వెర్షనుకు అనుకూలము కాదు.

టీక: మీ = పాత ఫోను గల మీయొక్క (బహువచనము గౌరవార్థకము; గెంటివేయునపుడును మర్యాద తప్పరాదని కవి హృదయము); పరికరము = ఫోను; ఈ వెర్షనుకు = యాప్ కర్త క్రొత్తగా విడిచిన అప్‌డేటుకు; అనుకూలము కాదు = తగదు.

విశేషము: ‘కాదు’ అని తేల్చినదెవరు? “ఇండ్ల ఎక్కదన్నా, కొత్తది తీస్కో” అను దుకాణదారుని భాష్యము దోషమును ఫోనుపై మోపుచున్నది గాని, అది పూర్వపక్షము మాత్రమే. ప్రతి ఆండ్రాయిడ్ వెర్షనుకును ఏపీఐ లెవెలను నొక సంఖ్య కలదు. 2014 నాటి 5.0కు 21, 2023 నాటి 14కు 34. యాప్ కర్త ‘మిన్ ఎస్‌డీకే’ అను చోట తానెంచుకొన్న సంఖ్యను వ్రాయును. అంతకు తక్కువైన ఫోనునకు ప్లే స్టోరు ఆ వెర్షను నీయదు. కనుక ‘కాదు’ అన్నది కర్త.

‘గూగుల్ నియమమే మమ్ము నిర్బంధించినది’ అని కర్త వాదింపవచ్చును. ఆ వాదము నిలువదు. 2025 ఆగస్టు 31 నుండి ఫోను యాప్‌ల అప్‌డేట్లు ఆండ్రాయిడ్ 15ను, అనగా 35ను, లక్ష్యముగా పెట్టుకొనవలెనన్న నియమము ‘టార్గెట్ ఎస్‌డీకే’ అను వేఱొక సంఖ్యకు సంబంధించినది. అది, యాప్ ఏ వెర్షను ఆచారములను ఎఱిగి వ్రాయబడినదో తెలుపునే గాని, ఎవరిని వెలివేయవలెనో చెప్పదు. టార్గెట్ 35 గాను, మిన్ 21 గాను గల యాప్ నిక్షేపముగా నడుచును. క్రొత్త వెర్షనులో పుట్టిన సౌకర్యమును పిలుచుటకు ముందు ఫోను సంఖ్యను పరీక్షించి, లేనిచోట పాత మార్గము పట్టించినచో చాలును. ఆ పరీక్ష వ్రాయుటకు బద్ధకించుటయే పెక్కు ‘అననుకూలత’లకు మూలమని మా నిశ్చయము.

ఆక్షేపము: పాత ఫోనులను ఎంతకాలము మోయవలెను? సమాధానము: కలకాలము కాదు. వాట్సాప్ సైతము 2023 అక్టోబరు 24 నుండి 5.0కు ముందటి వానిని విడిచినది. యాప్‌లు వాడుకొను కోడ్ లైబ్రరీలు తమ కనీస సంఖ్యను పెంచుచుండ, ప్రతి పాత ఫోనుపై పరీక్షలు జరుపుట ధనవ్యయము. అయినను విడుచుటయందును ఒక పద్ధతి కలదు: పాత ఫోనులకు సరిపడు వెనుకటి ఏపీకేను, అనగా యాప్ స్థాపక ఫైలును, స్టోరులో నిలిపియుంచి, సర్వరు దానికి మఱికొంతకాలము బదులు పలుకునట్లు చేయుట. ఐఫోనులోనైతే, మునుపు తీసుకొన్న యాప్‌నకు చివరి అనుకూల వెర్షనును దింపుకొందురా యని స్టోరే అడుగును.

తాత్పర్యము: పత్తి రైతుల నమోదునకును, స్లాట్ బుకింగునకును 2025లో కాటన్ కార్పొరేషన్ ‘కపాస్ కిసాన్’ యాప్‌ను ఏర్పఱచినది; వరంగల్ సీమ రైతు పంట అమ్మకమే ఫోను మీదుగా సాగు కాలమిది. యాప్ కర్తలారా, మిన్ సంఖ్యను పెంచుటకు ముందు ఎన్ని ఫోనులు తొలగునో ప్లే కన్సోలు చూపును. దానిని చదువుడు, వెనుకటి ఏపీకేను తొలగింపకుడు.