జన్యు పరిశ్రమలో పెట్టుబడి: అయిదు తలకిందుల సలహాలు

ఇవి బ్రోకర్లు చెప్పేదానికి పూర్తిగా ఎదురు. తెలిసే రాస్తున్నాను. పుట్టబోయే బిడ్డ ఎత్తూ తెలివీ ముందే ఎంచుకోవచ్చని ఊరించి డబ్బు అడిగేవాళ్లు పెరుగుతున్నారు. మీ కష్టార్జితం అటు పోకూడదనే నా తపన.

1. శుభవార్త వచ్చిన రోజు కొనకండి.
2023 డిసెంబర్ 8న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సికిల్ సెల్ అనే రక్త వ్యాధికి ఒకేసారి రెండు జన్యు చికిత్సలను ఆమోదించింది. వెర్టెక్స్, క్రిస్పర్ థెరప్యూటిక్స్ కలిసి తెచ్చిన క్యాస్‌జెవీ ధర 22 లక్షల డాలర్లు, బ్లూబర్డ్ బయో తెచ్చిన లిఫ్‌జీనియా ధర 31 లక్షల డాలర్లు. ఆమోదం దొరికిన రోజే బ్లూబర్డ్ షేరు కుప్పకూలింది. 2025లో కంపెనీ ప్రైవేట్ ఈక్విటీ చేతికి పోయింది. ఈ చికిత్సలో రోగి మూలకణాలు తీయాలి, ల్యాబ్‌లో మార్చాలి, కీమోథెరపీ ఇచ్చాక తిరిగి ఎక్కించాలి. నెలలు పడుతుంది. అందుకే ఆమోదపత్రం పక్కన పెట్టి, ఇంతవరకూ ఎంతమందికి ఎక్కించారో, చేతిలో ఉన్న నగదు ఎన్నాళ్లకు సరిపోతుందో చూడండి.

2. కోట్లమంది డీఎన్ఏ తన దగ్గరుందనే కంపెనీని చూసి భయపడండి.
డీఎన్ఏ పరీక్షల కంపెనీ ట్వెంటీత్రీ అండ్ మి 2021లో సుమారు 350 కోట్ల డాలర్ల విలువతో మార్కెట్‌కొచ్చింది. ఉమ్మిపరీక్ష కిట్‌ను ఎవరైనా జీవితంలో ఒక్కసారే కొంటారు. 2023లో దాదాపు 69 లక్షల మంది సమాచారం దొంగల పాలైంది. 2025 మార్చిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

3. లాభం కనిపిస్తున్నా, తెలివి అమ్మేవాళ్లకు రూపాయి ఇవ్వకండి.
ఎత్తు ఒక్కదాని వెనకే దాదాపు 12,000 జన్యు తేడాలున్నాయని 2022లో తేలింది. ఈ తేడాలను కూడి వేసే జన్యు స్కోరును బట్టి పది పిండాల్లోంచి స్కోరు ఎక్కువున్నదాన్ని ఎంచుకున్నా సగటున ఎత్తులో రెండున్నర సెంటీమీటర్లు, ఐక్యూలో రెండున్నర పాయింట్లే కలిసొస్తాయని 2019లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఈ స్కోర్లు ఎక్కువగా యూరోపియన్ సంతతి డేటాతో తయారయ్యాయి కాబట్టి మనవాళ్ల విషయంలో ఇంకా తప్పుతాయి. అంత స్వల్పమైన తేడా కోసం తల్లిని ఐవీఎఫ్ సూదులపాలు చేయడం అన్యాయం.

4. చట్టాన్ని అడ్డంకి అనుకోకండి, దాని వెంటే నడవండి.
2018లో చైనాలో హె జియాన్‌కుయి అనే శాస్త్రవేత్త పిండాల్లో సీసీఆర్5 జన్యువును మార్చి కవలలను పుట్టించాడు. మరుసటి ఏడాది మూడేళ్ల జైలుశిక్ష, 30 లక్షల యువాన్ల జరిమానా పడ్డాయి. అమెరికాలో ఇలా పిండాల జన్యువులు మార్చే ప్రయోగాల దరఖాస్తును ఎఫ్‌డీఏ పరిశీలించకుండా కాంగ్రెస్ ఏటా కట్టడి చేస్తోంది. మన 2021 సహాయక పునరుత్పత్తి (ఏఆర్‌టీ) చట్టం పిండ జన్యు పరీక్షను వంశపారంపర్య, జన్యు వ్యాధులు పసిగట్టడానికే అనుమతిస్తుంది. ఆడపిల్లలను కడుపులోనే తీసేసిన దేశం మనది. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ఎందుకు వచ్చిందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

5. పెద్ద మార్కెట్ వదిలి, రోగి దగ్గరికి వెళ్లండి.
అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో, ఆదిలాబాద్ గూడేల్లో సికిల్ సెల్ పిల్లలున్నారు. 22 లక్షల డాలర్ల మందు వాళ్లకు అందదు. చౌకగా తయారుచేసేవాళ్లకే ఇక్కడ పని. ఉదాహరణకు, ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ పరిశోధనల్లోంచి పుట్టిన ఇమ్యునోయాక్ట్ కంపెనీ రక్త క్యాన్సర్‌కు తెచ్చిన జన్యు చికిత్స నెక్స్‌కార్19కి 2023లో మన దేశంలో ఆమోదం దొరికింది. అమెరికాలో అలాంటి చికిత్సకయ్యే ఖర్చులో ఇది చిన్న వంతే. హైదరాబాద్ లారస్ ల్యాబ్స్ 2021లోనే ఆ కంపెనీలో వాటా కొంది. ఆ షేరు కొనమని చెప్పడం లేదు, ఆ చూపు అలవరచుకోమంటున్నాను.

ఎవరు డబ్బు అడిగినా ముందు ఒక్క మాట అడగండి: "మీ పని ఆగిపోతే ఏ రోగి నష్టపోతాడు?" జవాబు చెప్పలేకపోతే చెక్కు రాయకండి.