అల్పాహార విందుకు బృహద్వ్యాఖ్య

అవతారిక: మల్లినాథసూరి మెతుకుసీమ కొలిచెలమ వాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ముందే మాటిచ్చి కాళిదాసుకు వ్యాఖ్యానం మొదలుపెట్టాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు మొదటి నియమం సమ్మతమే. రెండోది పాటిస్తే ఈ మూలానికి వ్యాఖ్యే మిగలదు.

మూలం: “యువతే దేశ భవిత. యువజన సంఘ నిధి సేకరణార్థం ఉదయం 8 గంటలకు అల్పాహార విందు. అనంతరం అతిథుల అమూల్య సందేశం. అందరూ ఆహ్వానితులే. విరాళాలు స్వీకరించబడును.”

కొత్తగూడ లాంటి అడవి మండలంలో పిల్లల సంఘం పేరు మీద అచ్చేసినా, హైదరాబాద్ క్లబ్బులో అచ్చేసినా ఈ పాఠంలో పొల్లు కూడా మారదు. మారేవి ఫొటోలే.

ప్రతిపదార్థం: సుగమం. ఇడ్లీని విప్పి చెప్పనక్కర్లేదు.

అన్వయం: ఇక్కడే చిక్కుంది. వాక్యానికి అర్థం పుట్టాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు కావాలని తర్కసంగ్రహంలో అన్నంభట్టు తేల్చాడు. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరసగా పలికితే ఒకదానికొకటి అక్కరపడవు, కనుక ఆకాంక్ష లేదు. వేదిక మీదికి ముఖ్య అతిథి, గౌరవ అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి అని పిలుస్తూ పోవడం ఈ కోవలోదే. కుర్చీలన్నీ నిండుతాయి, క్రియాపదం మాత్రం రాదు.

నిప్పుతో తడపమంటే యోగ్యత లేదు. “ఎక్కువ సమయం తీసుకోను” అంటూ మైకు అందుకున్న అతిథి నలభై నిమిషాలు మాట్లాడినా లేదు. శాలువాలు, మెమెంటోలు, ఫ్లెక్సీలు, హాలు అద్దె నిధిలోంచే చెల్లించి నిధి పెంచామనడంలో అసలే లేదు.

జాముకో పదం పలికితే సన్నిధి చెడుతుంది. ఇడ్లీ ఎనిమిదింటికి దిగుతుంది, ముఖ్య అతిథి పదింటికి దిగుతాడు. ఆయన జ్యోతి వెలిగించేదాకా చట్నీ మూత తీయరాదు. ఇడ్లీకీ చట్నీకీ ఏకవాక్యత ఎలా కుదురుతుంది?

అతిథి లక్షణం: కొత్తగూడలోంచి విడదీసిన గంగారం మండలంలో పూనుగొండ్ల ఉంది. రెండేళ్లకోసారి మేడారం జాతరకు సమ్మక్క భర్త పగిడిద్దరాజును అక్కడి కోయ పూజారులు అడవి దారిన కాలినడకన తోడ్కొని పోతారు. లక్షల జనం ఆయన రాక కోసం నిలబడి చూస్తారు. ఆయన సందేశం ఇవ్వడు. భక్తులు నిలువెత్తు బెల్లం తూచి, బంగారమని పిలిచి, గద్దెల దగ్గర పెట్టి పోతారు. ఉపన్యాసం లేకపోతే చందా రాదన్న పూర్వపక్షం దీనితో ఖండితం.

విశేషాంశం: అయినా ఉపన్యాసానికి డబ్బు కట్టిన సందర్భమూ తెలుగునాట ఉంది. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ కాకినాడ వచ్చాడు. పన్నెండేళ్లయినా నిండని దుర్గాబాయికి (తర్వాతి కాలపు దుర్గాబాయి దేశ్‌ముఖ్) ఒక పట్టుదల: దేవదాసీలూ, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలూ ఆయన మాట వినాలి. ఐదు వేల రూపాయల నిధి ఇస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామన్నారు నిర్వాహకులు. డబ్బు కూడింది. గాంధీజీ అనుకున్నదానికి మించి ఆగాడు. ఆడవాళ్లు ఒంటి మీది నగలు ఊడదీసి ఇచ్చారు. ఆ తర్వాతి సభలో ఆయన హిందీని తెలుగు చేసి వినిపించిందీ ఆ పిల్లే. ఉప్మా ప్రస్తావన ఎక్కడా లేదు.

1923 డిసెంబరులో అదే ఊళ్లో కాంగ్రెస్ మహాసభ, పక్కనే ఖాదీ ప్రదర్శన. వాలంటీరుగా వాకిట్లో నిలబడ్డ దుర్గాబాయి టికెట్ లేదని ఆపినవాడు జవాహర్‌లాల్ నెహ్రూ. టికెట్ కొనిచ్చాకే లోపలికి వదిలింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు. ఆ వాకిలి గురించి వ్యాఖ్యాత ఇంకా రాయగలడు గానీ, ప్రకృతం అల్పాహారం.

ప్రకృతంలోనూ వాకిట్లో పిల్లలే ఉంటారు. చేతిలో గులాబీలు ఉంటాయి, ఎవరినైనా ఆపే అధికారం ఉండదు. ముఖ్య అతిథి వెంట దిగిన అనుచరులకు పాసులున్నాయా అని అడిగే పిల్ల అక్కడ లేదు. ఉన్నా పెద్దమనుషులు ఊరుకోరు. ఆ అనుచరులే రెండోసారి పూరీ వేయించుకుంటారు.

శంక: పిల్లలు నిధికి ఏమిచ్చారు? సమాధానం: భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ఖరీ కమాయి అనే పద్ధతి ఉంది. పిల్లలు చిన్న పనులు చేస్తారు, ఆ కష్టార్జితం దళానికి జమవుతుంది. ఆ లెక్కన తెల్లారకముందే వచ్చి కుర్చీలు సర్ది, ప్లేట్లు మోసి, చివర్లో చల్లారిన ఉప్మా తిన్న పిల్లల కూలి కూడా చందాయే. దాతల ఫ్లెక్సీ మీద వాళ్ల పేర్లేవీ? “యువత మేలుకోవాలి” అని వేదిక మీంచి కేకేసేది, నాలుగింటికే లేచిన ఈ పిల్లల మీదనా?

తాత్పర్యం: యువత గురించి పెద్దలు మాట్లాడతారు, యువత ఖర్చుతో తింటారు, యువత చేత ఎంగిలి ప్లేట్లు తీయిస్తారు. యువతకు మైకు వంతు వచ్చేసరికి జాతీయగీతం మొదలవుతుంది.

పాఠాంతరం: “వసూలైన మొత్తమూ, విందు ఖర్చూ అదే వేదిక మీద సంఘం పిల్లల్లో ఒకరు చదివి వినిపించెదరు” అన్న పంక్తి మూలం చివర ఉండాలని వ్యాఖ్యాత అభిప్రాయం. చూసిన కార్డుల్లో ఎక్కడా అది దొరకలేదు. లేఖక దోషమనడానికి వీల్లేదు. ప్రూఫు దిద్దింది కోశాధికారే.