‘ఐదు తీసివేసి’ పద్యం: టీక, తాత్పర్యం, విశేషాలు

మూలం

ఐదు తీసివేసి యారును బెట్టుము
తక్కినట్టివన్ని తాకకుండ
కాయకోత లోపు కావలె నంతయు
చిన్న పనియె గాన చింత వలదు

అవతారిక

హైబర్నేట్ అనేది జావాలో రాసిన ప్రోగ్రాముకీ డేటాబేసుకీ నడుమ పనిచేసే లైబ్రరీ. ప్రోగ్రాములో రైతు, తోట, కాటా అని వస్తువులుంటాయి. డేటాబేసులో అవే పట్టికలుగా, వరసలుగా, గడులుగా ఉంటాయి. ఇటు వస్తువు మారితే అటు వరస దిద్దడం, అటు వరస చదివి ఇటు వస్తువు కట్టడం, అందుకు కావలసిన ఎస్‌క్యూఎల్ వాక్యాలను తానే రాసుకోవడం దీని వృత్తి. 2001లో గావిన్ కింగ్ దీన్ని మొదలుపెట్టాడు. తరవాత రెడ్ హ్యాట్ నీడన పెరిగింది. ఐదో తరం 2015లో వచ్చి 5.6 దాకా సాగింది. ఆరో తరం 2022 మార్చి ఆఖరున విడుదలైంది. పై పద్యం ఆ రెండు తరాల నడుమ గట్టు దాటడం గురించి చెప్పింది.

సందర్భం ఇది. ఆగిరిపల్లి చుట్టుపక్కల మామిడి తోటల్లో కాయ కొని, కాటా వేసి, రైతు చేతికి చీటీ ఇచ్చే వ్యాపారానికి లెక్కలు రాసే ప్రోగ్రాము ఒకటి ఉందనుకోవాలి. వక్త ఆ ప్రోగ్రాము పని చూసే పెద్ద. శ్రోత దాన్ని రాసే కుర్రవాడు. పద్యంలో ఇద్దరి ప్రస్తావనా లేదు. అయినా నాలుగో పాదంలోని ‘చింత వలదు’ను బట్టి వక్త కోడు రాసేవాడు కాడని తేలుతోంది.

ఛందస్సు ఆటవెలది. బేసి పాదాల్లో మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు, సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి నాలుగు పాదాల్లోనూ కుదిరింది. పద్యంలో తప్పు పట్టడానికి లేనిది ఈ ఒక్క విషయంలోనే.

ప్రతిపదార్థం

ఐదు = హైబర్నేట్ ఐదో తరాన్ని, తీసివేసి = బిల్డ్ ఫైలులోంచి తొలగించి, ఆరును = ఆరో తరాన్ని, పెట్టుము = ఆ స్థానంలో ఉంచుము. తక్కినట్టివి అన్ని = క్లాసులు, ప్రశ్నలు, పట్టికలు మొదలైనవి, తాకకుండ = చెయ్యి పెట్టకుండా. కాయకోత లోపు = బంగినపల్లి కోతకు రాకముందే, అంతయు = పని యావత్తూ, కావలెను = ముగియవలెను. చిన్న పనియె కాన = అల్పమైన పనే కాబట్టి, చింత = విచారము, వలదు = వద్దు.

టీక

మూలంలో లేనిది రాయకపోవడం, అక్కరలేనిది చెప్పకపోవడం మల్లినాథ సూరి వ్యాఖ్యాతలకు చూపిన నియమం. మెదకు సీమలోని కొల్చారం వాడైన ఆయనకు కాళిదాసు దొరికాడు. ఇక్కడ దొరికింది ఈ నాలుగు పాదాలే కనుక మొదటి నియమాన్ని కాస్త సడలించక తప్పదు.

ఐదు: ఏ ఐదు అన్నది మూలం చెప్పలేదు. 5.2కీ 5.6కీ మధ్య ఐదేళ్ళకు పైగా దూరం ఉంది. ముందు 5.6కు చేరి, అక్కడ కంపైలరు పెట్టే ‘ఇది త్వరలో పోతుంది’ అన్న హెచ్చరికలన్నీ తీర్చుకుని, ఆ తరవాత ఆరు వైపు చూడాలన్నది అనుభవజ్ఞుల మతం. హెచ్చరికలు చదివే అలవాటు లేనివారి మతం వేరు.

తీసివేసి: ఈ పదం మీద వ్యాఖ్యాత కొంచెం ఆగాలి. ఐదు దాకా ఈ లైబ్రరీ, జావా లైబ్రరీలను తెచ్చిపెట్టే మేవెన్ గిడ్డంగిలో ‘ఆర్గ్.హైబర్నేట్’ అన్న చిరునామాన ఉండేది. ఆరు నుంచి ‘ఆర్గ్.హైబర్నేట్.ఓఆర్ఎం’కు మకాం మార్చింది. చిరునామా వేరైనందువల్ల మేవెన్ కంటికి ఐదూ ఆరూ ఒకే లైబ్రరీ తాలూకు రెండు తరాలు కావు, సంబంధం లేని రెండు లైబ్రరీలు. మరేదో పాత లైబ్రరీ తనతోపాటు ఐదును వెంటబెట్టుకొస్తే, మేవెన్ అభ్యంతరం చెప్పదు, రెంటినీ ఒకే ప్రోగ్రాములోకి రానిస్తుంది. అప్పుడు ఒకే పేరుగల క్లాసు రెండు చోట్ల ఉంటుంది, ఏది ముందు కంటపడితే అది పలుకుతుంది. కాబట్టి ‘తీసివేసి’ అంటే బిల్డ్ ఫైలులో ఒక పంక్తి చెరపడం కాదు. డిపెండెన్సీల చెట్టంతా విప్పి చూసి, ఐదు ఏ కొమ్మనా మిగల్లేదని నిర్ధారించుకోవడం.

ఆరును బెట్టుము: ఈ రెండు మాటల వెనక పెద్ద పేరు మార్పిడి దాగి ఉంది. ఐదో తరంలో ప్రతి క్లాసు నెత్తినా ‘జావాక్స్.పర్సిస్టెన్స్’ అన్న ప్యాకేజీ నుంచి తెచ్చుకున్న గుర్తులుండేవి. 2017లో ఒరాకిల్ సంస్థ ఆ ప్యాకేజీకి పుట్టిల్లైన జావా ఈఈని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగిస్తానన్నది. కోడు ఇచ్చింది కానీ పేరు ఇవ్వలేదు. ‘జావాక్స్’ పేరుతో ఉన్న ప్యాకేజీలను కొత్త యాజమాన్యం మార్చి పెంచుకోవడంపై 2019లో బేరం కుదరలేదు. ఫలితంగా 2020 చివర వచ్చిన జకార్తా ఈఈ 9లో అవన్నీ ‘జకార్తా’ అయిపోయాయి. లోపలి సరుకు దాదాపు పాతదే, పై పేరొక్కటే కొత్తది. హైబర్నేట్ ఆరు ఈ కొత్త పేరునే గుర్తిస్తుంది.

దీనికి ఆగిరిపల్లిలోనే దృష్టాంతం ఉంది. ఆరో తరం విడుదలైన నాలుగైదు రోజులకే, 2022 ఏప్రిల్ 4న, జిల్లాల పునర్విభజనలో ఆగిరిపల్లి మండలం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. శోభనాచలం కదల్లేదు, వ్యాఘ్ర నరసింహస్వామి కొండ దిగలేదు, చిన్నరసం రుచి మారలేదు. అయినా జిల్లా పేరు రాయవలసిన ప్రతి కాగితమూ మారింది. ఇప్పుడు ఎవరైనా ఉత్సాహవంతుడు పాత దస్తావేజుల్లో ‘కృష్ణా’ అని కనిపించిన ప్రతిచోటా ‘ఏలూరు’ అని దిద్దితే కృష్ణా నది కూడా ఏలూరు నది అవుతుంది. సరిగ్గా ఈ ప్రమాదమే ఇక్కడా ఉంది. ‘జావాక్స్’ అన్న ప్రతిదీ ‘జకార్తా’ కాలేదు. ‘జావాక్స్.ఎస్‌క్యూఎల్’ జావాతోనే వచ్చే ప్యాకేజీ, జావా ఈఈ తాలూకుది కాదు. అది పాత పేరుతోనే ఉంది. ఎడిటరులో వెతుకు-మార్చు మీట ఒక్కసారి నొక్కినవారికి ‘జకార్తా.ఎస్‌క్యూఎల్’ అనే లేని ఊరు కనిపిస్తుంది. ఓపెన్‌రీరైట్ వంటి పనిముట్లు ఏది నదో ఏది జిల్లానో తెలిసి మారుస్తాయి కనుక వాటితో చేయించడం మేలు.

ఆరుకు జావా 11 కావాలన్నదీ ఇక్కడే అధ్యాహారం చేసుకోవాలి. ప్రోగ్రాము స్ప్రింగ్ బూట్ మీద నడుస్తుంటే దాన్ని కూడా మూడో తరానికి తేవాలి. 2022 నవంబరులో వచ్చిన ఆ తరానికి జావా 17 ఉండితీరాలి. ఒక అంకె మార్చమన్న పద్యం ఇప్పటికే మూడు మార్చింది.

తాకకుండ: పద్యానికి ప్రాణం ఈ పదం, పద్యం కుప్పకూలేదీ ఇక్కడే. ఆలంకారికులు దీన్ని విరోధాభాసం అనవచ్చు. విరోధాభాసంలో పైకి కనిపించే విరోధం అర్థం చెప్పుకోగానే పోతుంది. ఇందులో అర్థం చెప్పుకునేకొద్దీ పెరుగుతుంది. కాబట్టి ఉత్త విరోధం అనుకోవడమే న్యాయం.

మొదట వరస నంబర్ల సంగతి. కాటా వేసిన ప్రతిసారీ కొత్త వరసకు నంబరు కావాలి. నంబరు ఎలా ఇవ్వాలో నీ ఇష్టం అని హైబర్నేట్‌కే వదిలేస్తే, వరస నంబర్లు పంచే సీక్వెన్సులున్న డేటాబేసులో ఐదో తరం రైతుకీ తోటకీ కాటాకీ కలిపి ‘హైబర్నేట్_సీక్వెన్స్’ అనే ఒకే సీక్వెన్స్ నుంచి, ఒక్కొక్క అంకె చొప్పున ఇచ్చేది. ఆరో తరం ఎవరి సీక్వెన్స్ వారికి కావాలంటుంది. పైగా యాభై అంగ వేస్తుంది, అంటే డేటాబేసును ఒకసారి అడిగి యాభై నంబర్లు దగ్గర పెట్టుకుంటుంది. ప్రోగ్రాము చక్కగా లేచి నిలబడుతుంది. మొదటి కాటా చీటీ రాయబోయినప్పుడు కాటాకు సీక్వెన్స్ లేదని కూలబడుతుంది. కంగారులో ఆ సీక్వెన్స్‌ను ఒకటి నుంచి మొదలుపెట్టి సృష్టించినవారు ఇంకా చెడతారు, ఎందుకంటే ఒకటో నంబరు చీటీ పాత సీజన్‌లోనే ఏ రైతుకో వెళ్ళిపోయింది. పట్టికలో ఉన్న అతి పెద్ద నంబరు దాటి మొదలుపెట్టాలి, అంగ కూడా అటూ ఇటూ ఒకటే ఉండాలి. పాత పేరే వాడమని ఒక సెట్టింగు ద్వారా చెప్పే వీలుంది. అప్పుడైనా అంగ సరిచూసుకోక తప్పదు. ఇంకో సూక్ష్మం: ప్రోగ్రామును ఆపి మళ్ళీ నడిపితే దగ్గర పెట్టుకున్న యాభైలో మిగిలినవి వృథా అవుతాయి. డేటాబేసు నంబరునే చీటీ నంబరుగా అచ్చువేస్తే, పొద్దున 212 అందుకున్న రైతు వెనకాల వచ్చినవాడికి 251 రావడం జరుగుతుంది. మధ్యవి ఎవరి కాయ అని అడిగే హక్కు రైతుకు ఉంది.

తరవాత రకాలు. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టర్, సువర్ణరేఖ అని ప్రోగ్రాములో ముందే ఖాయం చేసిన పేర్ల జాబితా, అంటే ఒక ఈనమ్, ఉందనుకుంటే, పేరును అక్షరాలుగా దాచమన్నప్పుడు ఐదో తరం మామూలు అక్షరాల గడిలో దాచేది. 6.2 నుంచి మైఎస్‌క్యూఎల్ మీద ఆ గడి డేటాబేసు వారి సొంత ఈనమ్ రకంగా ఉండాలని ఆశిస్తుంది. పట్టికలు సరిచూసుకునే సెట్టింగు పెట్టి ఉంటే తేడా దొరికి మొరాయిస్తుంది. పట్టికను కొత్తగా దానిచేతే కట్టిస్తే గడిలో అయిదు పేర్లకే చోటుంటుంది. మే నెలలో చెరకురసం తెచ్చిన రైతు కోసం ముందు పట్టికను మార్చాలి, ఆ తరవాతే కాటా.

కాలం లెక్క దీనికన్నా మెత్తగా దెబ్బకొడుతుంది, ఎందుకంటే తప్పు సందేశం ఏదీ రాదు. కాటా వేళను ‘ఇన్‌స్టంట్’గా దాస్తుంటే, ఆరో తరం దాన్ని యూటీసీకి తిప్పి దాస్తుంది. గడిలో టైమ్‌జోన్ లేకపోతే పాత వరసల్లో మన గడియారం, కొత్త వరసల్లో గ్రీనిచ్ గడియారం కలగలిసే అవకాశం ఉంది. పాత వరసలో ఉదయం ఆరని రాసినది తెర మీద పదకొండున్నర అవుతుంది. తెల్లవారుజామున అయిదింటికి వేసిన కొత్త కాటా డేటాబేసులో ముందు రోజు తారీఖు కింద పడుతుంది. రోజువారీ ధర మారే సరుకుకు ఇది చిన్న తేడా కాదు.

ఇక డేటాబేసును అడిగే ప్రశ్నల విషయం. హైబర్నేట్ సొంత ప్రశ్నభాష హెచ్‌క్యూఎల్. ఆరో తరంలో దాని పార్సరును మళ్ళీ మొదటినుంచి, యాంట్లర్ అనే పనిముట్టు నాలుగో తరంతో రాశారు. పాతది కొంత చూసీచూడనట్టు పోయేది. కొత్తది ప్రతి మాటకూ రకం చూస్తుంది. కిలోల గడిని కొటేషన్లలో పెట్టిన ‘వంద’ అంకెతో పోల్చే వాక్యాలు ఇన్నాళ్ళూ నడిచాయంటే అది రాసినవాడి ప్రజ్ఞ కాదు, పాత పార్సరు దయ. హైబర్నేట్ సొంత పాత క్రైటీరియా పద్ధతి మొత్తంగా పోయింది. 5.2 నుంచే అది పోతుందని చెబుతూ వచ్చారు గనుక ఫిర్యాదుకు తావు లేదు.

ఒక మంచి మార్పు కూడా తాకిడే అవుతుంది. రైతును అతని తోటలతో కలిపి తెమ్మని అడిగినప్పుడు, మూడు తోటలున్న రైతును ఐదో తరం మూడుసార్లు తెచ్చేది. ‘డిస్టింక్ట్’ అని రాస్తేనే ఒక్కసారి వచ్చేవాడు. ఆరో తరం అడక్కుండానే ఒక్కసారి తెస్తుంది. ఇది సుగుణమే. కాని జాబితా పొడవును తోటల సంఖ్యగా లెక్కపెట్టే మహానుభావుడు ఎక్కడో ఉంటాడు. అతని నివేదికలో తోటలు రాత్రికి రాత్రి తగ్గిపోతాయి.

కాయకోత లోపు: బంగినపల్లి ఏప్రిల్‌లో మొదలై, రసాలు మేలో ఊపందుకుని, జూన్‌తో కోతలు సద్దుమణుగుతాయి. ఆ మూడు నెలలూ ఈ ప్రోగ్రాము మీద చెయ్యి పెట్టరాదు. కాబట్టి పద్యంలో ఆచరించదగిన మాట ఇదొక్కటే. పూత నాటికే పని మొదలుపెడితే పిందె కట్టేసరికి పరీక్షలు ముగుస్తాయి.

చిన్న పనియె గాన: బిల్డ్ ఫైలులో మారే పంక్తులను మాత్రమే లెక్కవేస్తే నిజమే. తక్కిన లెక్కన ఇది అలంకారశాస్త్రంలో చోటు దొరకని అల్పోక్తి.

అన్వయం

పద్యంలో క్రమం ‘తీసివేసి, పెట్టుము’ అని ఉన్నా పనిలో అన్వయక్రమం వేరు. ముందు 5.6కు చేరాలి. జావాను పెంచాలి. పేర్ల మార్పిడిని పనిముట్టుతో చేయించి, ఒక కమిట్‌గా విడిగా ఉంచాలి. వందల ఫైళ్ళ పేరు మార్పులో ఒక నిజమైన మార్పు కలిస్తే సమీక్షించే కన్నుకు అది ఆనదు. ఆపైన అంకె మార్చాలి. నిరుటి సీజన్ డేటాబేసుకు ఒక నకలు తీసి, పట్టికల పోలికను దానిమీద నడపాలి. నకలు మీదే కాటా వేసి, చీటీ అచ్చువేసి, రోజు మొత్తాలను పాత ప్రోగ్రాము మొత్తాలతో పైసా తేడా లేకుండా సరిచూడాలి. ఖాళీ డేటాబేసు మీద చేసిన పరీక్ష లెక్కలోకి రాదు, దానికి పాత నంబర్లు, పాత వేళలు ఏమీ తెలియవు.

తాత్పర్యం

హైబర్నేట్ ఐదును తొలగించి ఆరును ఉంచవలెననీ, మరేదీ మార్చనక్కరలేదనీ, మామిడి కోతలోగా ముగించవలెననీ, స్వల్పకార్యము కనుక విచారింపవద్దనీ భావం.

పాఠాంతరం

‘ఆరు తీసివేసి యేడును బెట్టుము’ అన్న మొదటి పాదం వ్యాప్తిలోకి వస్తున్నది. 2025లో ఏడో తరం వచ్చిన తరవాతి పాఠమిది. గణాలు సరిపోయినా ఆకారానికి ఏకారంతో యతి చెల్లదు. ‘ఐదు తీసివేసి యేడును’ అన్నా అదే దోషం. ఐదు నుంచి నేరుగా ఏడుకు ఎగబాకడాన్ని ఛందస్సే కాక అనుభవజ్ఞులూ ఒప్పుకోరు. అర్థంలోనూ తేడా ఉంది. ఏడుకు జావా 17 కనీసం. సెషన్ మీద ఏళ్ళ తరబడి పిలుస్తూ వచ్చిన ‘సేవ్’, ‘అప్‌డేట్’, ‘సేవ్ఆర్అప్‌డేట్’ ఆరులో హెచ్చరికతో మిగిలాయి, ఏడులో లేవు. కొత్త కాటాకు ‘పర్సిస్ట్’, పాతదాన్ని దిద్దడానికి ‘మర్జ్’ రాయాలి.