జంతికల గొట్టంలో మందుబిళ్ల

జంతికలు వండే ప్రతి తెలుగింట్లోనూ త్రీడీ ప్రింటర్ అమ్మమ్మల కాలం నుంచే ఉంది. పిండి కూరి, పైనుంచి నొక్కి, కాగే నూనెలోకి చుట్టు మీద చుట్టు తిప్పితే కోరిన ఆకారం వస్తుంది. సకినాలు చుట్టే చేతులకైతే ఆ గొట్టం కూడా అక్కర్లేదు. అయినా గొట్టం ఉంది కదా, ఇక వరి పండించే పనిలేదని ఇన్ని తరాల్లో ఒక్కరూ అనలేదు. ఆ మాట అనడానికి సాంకేతిక విప్లవకారులు దిగిరావలసి వచ్చింది. రేపోమాపో మందంటే ఒక కంప్యూటర్ ఫైలేనట, డౌన్‌లోడ్ చేసుకుని ఇంట్లోనే ప్రింట్ కొట్టుకోవచ్చట, ఫార్మా కంపెనీల పీడ విరగడవుతుందట. గొట్టంలోకి పిండి ఎక్కడినుంచి వస్తుందో మాత్రం వీళ్ల స్లైడుల్లో కనిపించదు.

గ్లాస్గో విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త లీ క్రోనిన్ 2012లో టెడ్ వేదికపై ఈ కలను వర్ణించాక దానికి రెక్కలొచ్చాయి. ఆయన ఉత్త మాటల మనిషి కాదు. కండరాల బిగువుకు వాడే బాక్లోఫెన్‌ను ఆయన బృందం 2018లో తయారుచేసి చూపింది. కాకపోతే అక్కడ ప్రింటయింది మందు కాదు, ప్లాస్టిక్ పాత్రలు. వాటిలో రసాయనాలు పోసి వండింది ఆ విద్య తెలిసినవాళ్లు. గిన్నెలు పోతపోసినవాడిని వంటమేస్త్రీ అంటే పెళ్లి పందిట్లో నవ్విపోతారు. ఇక అమెరికా ఎఫ్‌డీఏ 2015లో అనుమతించిన తొలి ప్రింటెడ్ మాత్ర స్ప్రిటామ్ సంగతి. నోట్లో వేసుకుని గుక్కెడు నీళ్లు తాగితే సెకన్లలో కరిగిపోతుంది. మింగలేని మూర్ఛ రోగికి అది నిజంగా మేలే. కానీ అందులో ఉన్నది లెవెటిరాసెటమ్ అనే పాత మందు. చౌక జెనరిక్ మాత్రగా అది అప్పటికే దొరుకుతోంది. పైగా స్ప్రిటామ్‌ను అచ్చు వేసింది ఎవరి పడకగదిలోనో కాదు, ఫ్యాక్టరీలో.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ప్రింటర్ మందును పుట్టించదు, పుట్టిన మందుకు ఆకారమిస్తుంది. అణువు తయారయ్యేది హైదరాబాద్ చుట్టుపక్కల బొల్లారం, జీడిమెట్ల లాంటి చోట్ల రియాక్టర్లలో, వాసనల మధ్య. మనం దిగుమతి చేసుకునే ముడి మందుల్లో దాదాపు 70 శాతం చైనా నుంచి వస్తున్నాయి. అక్కడ ఓడ ఆగితే ఇక్కడి ప్రింటర్ గాలి మాత్రలు ప్రింట్ చేయాలి. ధర తగ్గుతుందన్న వాదన ఇంకా ముచ్చటైనది. మాత్రలు నొక్కే యంత్రం గంటకు లక్షల మాత్రలు రాలుస్తుంది, ప్రింటర్ ఒక్క బిళ్లకే నిమిషాలు తీసుకోవచ్చు. పారాసెటమాల్ మాత్ర ధరలో నొక్కుడు కూలి ఎంతని, దాన్ని మిగల్చడానికి లక్షల రూపాయల యంత్రం కొనాలి?

మరి మనిషికి తగ్గ మోతాదు సంగతేమిటని అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. మాత్రను గీత దగ్గర విరిచి సగం మింగించడమే ఇన్నాళ్లూ మన వ్యక్తిగత వైద్యం. ఆ సగాలు ఎప్పుడూ సమానంగా విరగవు. స్పెయిన్‌లోని శాంటియాగో డి కంపోస్టెలా ఆసుపత్రిలో అరుదైన జీవక్రియ జబ్బున్న కొద్దిమంది పిల్లలకు ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని రకరకాల రంగుల్లో, రుచుల్లో, ఎవరి మోతాదు వారికి ప్రింట్ చేసి ఇచ్చారు. రక్తంలో దాని స్థాయి అదుపులోనే ఉంది. ఈ పనికి ప్రింటర్‌ను మించింది లేదంటే ఒప్పుకుంటాను. కానీ ఇది ఆసుపత్రి ఫార్మసీలో ఫార్మసిస్టు చేసిన పని. ఒకప్పుడు కాంపౌండర్ పొడి నూరి పొట్లం కట్టినట్టే, ఇప్పుడు పొట్లానికి ప్లగ్గు వచ్చింది. దీన్ని చూపి ఫ్యాక్టరీలకు తాళం వేస్తామనడం, చంటిబిడ్డకు ఉగ్గు కలిపిన గిన్నెను చూపి ఊరి బంతికి వండేస్తామనడం లాంటిది.

పరీక్షల ముచ్చటైతే ఎవరూ ఎత్తరు. లక్షల మాత్రల బ్యాచ్‌లో కొన్నింటిని పొడిచేసి మందు ఎంతుందో, ఎంతసేపట్లో కరుగుతోందో చూస్తారు. పది మాత్రలే ప్రింటైతే ఎన్నింటిని పొడిచేస్తారు? అన్నీ పొడిచేస్తే రోగికి నివేదిక మాత్రమే మిగులుతుంది. చెడగొట్టకుండా కాంతితో కొలిచే పద్ధతులున్నాయని జవాబు వస్తుంది. ఉన్నాయి, నిజమే. వాటికి పరికరం కావాలి, ఆ పరికరాన్ని సరిచూసే మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. పరీక్ష తప్పితే ఏమవుతుందో చూశాం. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లల ప్రాణాలు తీసిన కోల్డ్‌రిఫ్ దగ్గు సిరప్‌లో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం ఉన్నట్టు పరీక్షలో తేలింది. లైసెన్సున్న ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మందు కథే ఇది. ఫ్యాక్టరీలే ఇలా ఉంటే వికేంద్రీకరణే మేలు కదా అని వెంటనే అందుకుంటారు. ఒక్క గేటు దగ్గర కాపలా సరిగా లేదని గోడంతా కూల్చి కోటి గేట్లు పెట్టడమన్నమాట.

రోగి పక్కనే మందు తయారీకి బ్రిటన్ 2025 జులై నుంచి ప్రత్యేక నిబంధనలు అమలు చేస్తోంది. అక్కడ కూడా లైసెన్సు, మాస్టర్ ఫైలు, వాటికి జవాబుదారీగా ఒక నియంత్రణ కేంద్రం, ఆ వెనకే తనిఖీలు. వంటగట్టు మీద మిక్సీ పక్కన మందుల ప్రింటర్ పెట్టిస్తామంటున్నవాళ్లు ఆ ఇన్‌స్పెక్టర్‌కు కుర్చీ ఎక్కడ వేస్తారో ఇంకా చెప్పలేదు.